రిమార్కుల గడిలో నా సాహిత్య విమర్శ

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ముందే చెబుతున్నాను. మీరు ఊహించుకున్నది ఇది కాదు. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల ఇంటికి వెళ్లి, ఆ మనిషి ఆ మనిషేనా, ఆ ఇల్లు ఆ ఇల్లేనా, మీద కేసులేమైనా ఉన్నాయా అని చూసి రావడమే పని. పోలీసు ఉద్యోగమే కానీ లాఠీ ఉండదు, దాని బదులు చేతికో ట్యాబ్ ఇస్తారు. యూనిఫాం కూడా ఉండదు. అనుమానమే తొడుక్కుని తిరగాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య ఇరవై ఎనిమిదేళ్లు అలా తిరిగి, రెండు మోకాళ్లూ అరగదీసుకుని, యాభై మూడేళ్లకే స్వచ్ఛంద విరమణ పుచ్చుకున్నాను. దరఖాస్తుదారుల ఇళ్లలో నేను తాగిన చాయ్ అంతా ఒకచోట పోస్తే మూసీ ప్రాజెక్టుకు రెండు గేట్లు ఎత్తాల్సి వచ్చేది. ప్రమోషన్ల సంగతి రాయను. రాయడానికి అవి రాలేదు.

అనుమానం ఎలా పడాలో మాకెవరూ నేర్పలేదు. అదే వచ్చి పట్టుకుంది. నవ్వుతూ తలుపు తీస్తే ఏదో దాస్తున్నారనుకునేవాణ్ణి. నవ్వకుండా తీస్తే దాచలేకపోతున్నారనుకునేవాణ్ణి. చాయ్‌లో చక్కెర ఎక్కువైతే లంచమని, తక్కువైతే నన్ను తొందరగా సాగనంపే ఎత్తని లెక్క. పెన్‌పహాడ్‌లో ఒకాయన “ఇంట్ల నేనొక్కణ్ణే ఉంట సారు” అన్నాడు. గుమ్మం ముందు చూస్తే రెండు జతల చెప్పులు. రెండో మనిషెవరని గంటసేపు ఆయన్ని ఉతికి ఆరేశాను. లేచి బయటికొచ్చి వేసుకోబోతే తెలిసింది, ఆ రెండో జత నాదే.

ఇలాంటి తప్పులు నవ్వుకోవడానికి పనికొస్తాయి. ఒక తప్పు మాత్రం ఒక మనిషి బతుకు మీదికి తెచ్చింది. ఇప్పుడు చెప్పేది దాని గురించే.

కోదాడ నర్సు

ఆమె పేరు సువార్త. ముప్పై ఏళ్లు ఉంటాయి. కోదాడలో ఒక ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సు. తల్లి నాట్లకూ కలుపులకూ పోయే మనిషి. సువార్తకు యూరప్‌లో ఒక దేశంలో నర్సు ఉద్యోగం కుదిరింది. ఆ దేశం పేరు చెప్పను. ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు. చలిదేశం అనుకోండి. ఆ ఉద్యోగం కోసం రెండేళ్లు కూర్చుని అక్కడి భాష నేర్చుకుని పరీక్ష పాసైంది. ఇక మిగిలింది పాస్‌పోర్టు ఒక్కటే. నెలాఖరులోపు దాని కాపీ పంపకపోతే ఆమె చోటు జాబితాలో తర్వాతి అమ్మాయికి పోతుంది. నేను వాళ్లింటి మెట్లెక్కిన రోజుకు ఇంకా ఇరవై రోజుల గడువుంది.

మనిషి సరిపోయింది. ఇల్లు సరిపోయింది. కేసుల్లేవు. చాయ్‌లో చక్కెర కూడా ఎక్కువా తక్కువా కాకుండా ఉంది. అంత సక్రమంగా ఉండటమే నాకు అనుమానంగా తోచి గది నాలుగు మూలలూ చూశాను. బల్ల మీద ఒక పుస్తకం కనిపించింది. అట్ట మీద మంచులో కోటు వేసుకుని పిస్తోలు పట్టుకున్న తెల్లవాడు. మీసం మాత్రం అచ్చంగా మన సర్పంచుల మీసం. పేరు ‘మైనస్ పన్నెండులో కుట్ర’. రచన సువార్త.

“ఇది నువ్వే రాసినవా అమ్మా?”

“అవును సార్. పొలిటికల్ థ్రిల్లరు. నేను వెళ్లబోయే దేశంలోనే జరుగుతుంది. అధ్యక్షుణ్ణి దించడానికి సొంత మంత్రులే కుట్ర చేస్తారు. ఒక నర్సు కనిపెడుతుంది. చదివి చెప్పండి సార్, రియలిస్టిక్‌గా ఉందో లేదో.”

“ఆ దేశం ఎన్నడన్న పోయినవా?”

“పాస్‌పోర్టే లేదు కదండీ, ఎట్లా పోతాను?”

“మరి రియలిస్టిక్ ఎట్లయితది?”

“ఫోన్లో మ్యాపు ఉంది కదా సార్. రెండేళ్ల నుంచి డ్యూటీ దిగినాక రోజూ ఆ వీధుల్లో నడుస్తున్నాను. ఏ మలుపులో బేకరీ ఉందో కూడా చెప్తాను.”

తల్లి తలుపు దగ్గర నిలబడి అంది: “నిజమే సారూ. కోదాడలో కూరగాయలు ఏడ అమ్ముతరో తెల్వదు దీనికి. ఆడున్న బేకరీలు మాత్రం వేళ్ల మీద లెక్కపెడతది.”

సూర్యాపేట బస్సెక్కి పుస్తకం తెరిచాను. తర్వాత తల ఎత్తి చూస్తే నకిరేకల్. కండక్టర్ సూర్యాపేటలో మూడుసార్లు అరిచాడట. ఆ సమయానికి నేను బస్సులో లేను, అధ్యక్ష భవనం వెనక గేటు దగ్గర మంచులో వణుకుతూ ఉన్నాను. మే నెలలో, పక్క సీటాయన చెమట నా భుజం మీద కారుతుండగా, నాకు చలేసింది. రాతలో అంత పట్టు ఉంది.

ఆ మైకంలోనే రిపోర్టు పంపాను. ట్యాబ్‌లో చివర రిమార్కులు అని ఒక గడి ఉంటుంది. అందులో అందరూ ఏమీ లేదని రాస్తారు. నేను ఇలా రాశాను: ‘దరఖాస్తుదారు గొప్ప రచయిత్రి కూడా. ఆ దేశ రాజధాని వీధులను, అధ్యక్ష భవనం వెనక గేటును, కాపలావాళ్లు మారే వేళలను కళ్లకు కట్టినట్టు చూపారు. అక్కడ ఏళ్లు గడిపినవారు సైతం ఇలా రాయలేరు.’

నా జీవితంలో నేను చేసిన సాహిత్య విమర్శ అదొక్కటే.

సారుకు వచ్చిన అనుమానం

అప్పటి మా ఇన్‌స్పెక్టర్ జనార్దన్ సారు. తన సంతకం తనదేనా అని పక్కనున్నవాణ్ణి అడిగి తెలుసుకునే రకం. ఫ్యాన్ తిరుగుతుంటే ఎందుకు తిరుగుతోందని అనుమానం, ఆగితే ఎవరు ఆపారని అనుమానం. మర్నాడు పొద్దున్నే పిలిచాడు.

“సైదులూ, గీ రిమార్కు నువ్వే రాసినవా?”

“నేనే సార్.” భాష బాగుందని మెచ్చుకుంటాడనుకుని కాస్త సిగ్గుపడ్డాను కూడా.

“కాపలోళ్లు మారే టైము ఆ పిల్లకెట్ల తెలిసింది?”

“నవల గద సార్. కల్పించింది.”

“నవలల ఉన్న కుట్ర ఎక్కడ జరుగుతది?”

“ఆ దేశంల సార్.”

“పిల్ల ఎక్కడికి పోతానంటున్నది?”

“ఆ దేశానికే సార్.”

“నువ్వేం రాసినవ్? ‘ఏళ్లు గడిపినవారు సైతం.’ అంటే ఏంది? ఏండ్లు గడిపింది. వెనకటి పాస్‌పోర్టు ఉన్నది. దాసిపెట్టి కొత్తది అడుగుతున్నది. ఇగ జెప్పు.”

“అది మెచ్చుకోలు సార్!”

“రిమార్కుల మెచ్చుకునుడేందయ్యా? రేపు గాడ నిజంగనే ఏమన్న అయితే ఢిల్లీ నుంచి ఫోనొస్తది. ఎంక్వయిరీ జేసింది ఎవలంటే నీ పేరు జెప్పాల్నా, నా పేరు జెప్పాల్నా? ఆ పిల్ల ఆ దేశం పోలేదని రుజువు తే. గప్పటిదాంక ఫైలు గీడనే ఉంటది.”

పోయినట్టు రుజువు ఎక్కడైనా దొరుకుతుంది. పోనట్టు రుజువు ఎక్కడుంటుంది? నేను చంద్రుడి మీదికి పోలేదని రుజువు చూపించమంటే ఏం చూపిస్తాను? అయితే తప్పు మా సారుది కాదు. అనుమానించడమే ఆయన పని. రిపోర్టులో విశేషణం పిలవని సాక్షిలాంటిది. తనంతట తనే వచ్చి, ఎవరూ అడగనిదంతా చెప్పి పోతుంది. దాన్ని పిలిచినవాణ్ణి నేనే. కొత్తవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు.

తప్పు వెతికే పని

నాకు తోచిన దారి ఒక్కటే. ఆ నవలలో ఎక్కడో ఒకచోట, ఆ దేశం చూసినవాళ్లు చచ్చినా చేయని తప్పు ఉండాలి. దాన్ని పట్టుకుంటే ఆమె కోదాడ దాటలేదని తేలిపోతుంది. మొదటిసారి పాఠకుడిగా చదివినవాణ్ణి, రెండోసారి శత్రువుగా చదవడం మొదలుపెట్టాను. ఆమె నడిచిన వీధుల్లో నేనూ ఫోను పట్టుకుని నడిచాను. వీధులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. బేకరీ కూడా ఉంది. ఒక్క వీధి పేరైనా తప్పు రాసి ఉండకూడదా అని పళ్లు నూరాను. ఒక రచయిత జాగ్రత్త మీద నాకు అంత కోపం ఎన్నడూ రాలేదు.

వారం గడిచింది. సువార్త రోజూ ఫోన్ చేస్తోంది. నేను ఎత్తడం మానేశాను. ఆ తర్వాతి రోజు సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు వచ్చి ఆగింది. జనం మీద పడుతున్నారు. నేను అలవాటుగా సీటు ఆపుకోవడానికి కిటికీలోంచి నా దస్తీ, అదే చేతిరుమాలు, సీటు మీదికి విసిరి, తాపీగా ఎక్కి, దాని మీద కూర్చుని నవల తెరిచాను. తెరిచిన పేజీలో కుట్రలో మంత్రులతో చేతులు కలిపిన సైన్యాధ్యక్షుడు మారువేషంలో బస్టాపుకు వస్తాడు. బస్సు కిక్కిరిసి ఉంటుంది. అతను కిటికీలోంచి దస్తీ విసురుతాడు. నర్సు లోపలికొచ్చి ఆ దస్తీ చూసి, సీటు ఎవరిదో అయిపోయిందని గ్రహించి, నిలబడే ప్రయాణిస్తుంది. వణుకుతున్న ముసలామె కూడా ఆ దస్తీని గౌరవించి పక్కకు జరుగుతుంది.

ఈ పేజీని నేను రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నాకేమీ తేడాగా అనిపించలేదు. నా కింద నా దస్తీ ఉండగా మూడోసారి చదివితే వెలిగింది.

కోదాడలో సువార్త నన్ను కూర్చోమనలేదు. ఇక పన్నెండు రోజులే మిగిలాయి. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను.

“మీరు బాగుందని రాసినందుకు ఆగిందా సార్?”

“అవునమ్మా.”

“బాగలేదని రాసుంటే?”

“గీపాటికి పోస్టుల ఉండేది.”

ఆమె మొహంలోకి కోపం, నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చి దారి కోసం తోసుకున్నాయి. నేను పేజీ తెరిచి చూపించాను.

“ఇందులో తప్పేముందండీ?”

“గాడ బస్సుల దస్తీ వేస్తరా అమ్మా?”

“వెయ్యకపోతే సీటు ఎట్లా ఆగుతుంది సార్?”

ఇరవై ఎనిమిదేళ్లుగా అబద్ధాల కోసం మొహాలు చదివినవాణ్ణి. ఆ మొహంలో అబద్ధం గింజంత కూడా లేదు. మ్యాపులో వీధులుంటాయి, మలుపులుంటాయి. జనం సీటు ఎలా పట్టుకుంటారో ఉండదు. అది బస్సెక్కినవాళ్లకే తెలుస్తుంది. ఈ పిల్ల ఎక్కిన బస్సులన్నీ కోదాడవే.

గంతులేసుకుంటూ ఆఫీసుకొచ్చి సారు ముందు పేజీ పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, తల ఊపాడు.

“కరెక్టే గదా. మిలిటరీ ఆయన, ముందుచూపుండదా? ఏసిండు.”

“సార్, అది చలిదేశం...”

“చలైతే ఏంది? చలిల నిలబడి పోతరా? దస్తీ లేకుంట బస్సు ఎక్కెటోడు ఎవడన్న ఉంటడా లోకంల?”

తప్పు చేసిన మనిషి, తప్పు పట్టిన మనిషి, తీర్పు చెప్పాల్సిన మనిషి ముగ్గురమూ ఒకే రోడ్డు మీద పెరిగినవాళ్లం. రుజువు కళ్ల ముందుంది, చూసే కళ్లు లేవు.

మిర్యాలగూడ సేటు

ఆ దేశం నిజంగా చూసిన మనిషి కావాలి. నా పాత ఎంక్వయిరీలన్నీ మనసులో తిరగేస్తే మిర్యాలగూడ రైస్ మిల్లు వెంకన్న సేటు తేలాడు. బియ్యంలో నల్ల గింజలు ఏరే మిషను చూడటానికి చలిదేశంలో ఎనిమిది రోజులుండి వచ్చాడు. ఆయన పాస్‌పోర్టుకు విచారణ చేసింది నేనే. సేటు మాట రాసుకొస్తానంటే సారు ఒప్పుకోలేదు. నేను కల్పించి రాస్తానని అనుమానం. కొంత న్యాయమైన అనుమానమే. జీపులో తనే వచ్చాడు.

మిల్లు ముందు తవుడు గాలికి లేస్తుంటే ముగ్గురం కుర్చీలేసుకుని కూర్చున్నాం. సారు మొదట సేటు పాస్‌పోర్టు తెప్పించి, ఆ దేశం ముద్రను గోరుతో గీకి చూశాడు. ఊడలేదు. అప్పుడు అడిగాడు: “గాడ బస్సుల సీటు ఎట్ల ఆపుకుంటరు?”

సేటు తొడ మీద కొట్టుకున్నాడు. “నా బాధ అడగకుండ్రి సారు! బస్సు గాదు, పట్టాల మీద పోయే ట్రాము. ఎక్కంగనే కిటికి పక్క సీటు మీద దస్తీ ఏసి టికెట్ మిషిన్ కాడికి పోయిన. ఒక ముసలామె ఉరికొచ్చి దస్తీ మడతబెట్టి నా చేతుల వెట్టింది. పడిపోయిందనుకున్నది పాపం. మల్ల ఏసిన. ఈసారి టోపీ పెట్టుకున్నాయన తెచ్చిచ్చిండు. మూడోసారి ఏస్తే ట్రాము ఆపి డ్రైవరే దిగొచ్చిండు. ఏందో అన్నడు, నాకు తెల్వలే. దండం వెట్టిన.”

“మరి సీటు?”

“సీటుకేంది సారు, మస్తు ఖాళీ. ట్రాముల ఉన్నదే ఆరుగురం.”

“అంటే గాళ్లకు దస్తీ సంగతి ఎరుకనే లేదా?”

“ముక్కు తుడ్సుకునేటందుకే అనుకుంటరు.”

దగ్గరి చుట్టం పోయిన కబురు విన్నట్టు సారు మొహం వాడిపోయింది. జీపులో తిరిగొస్తూ పెన్‌పహాడ్ పొలాలు దాటాక అన్నాడు: “సరే. ఆ పిల్ల పోలేదు. కానీ ఫైల్ల ఒక కాగితం ఉండాలె. నవలంతా అబద్ధం, వాస్తవం ఏమీ లేదని రాసి సంతకం పెట్టించుకరా. పంపిస్త.”

సంతకం

ఇంకా తొమ్మిది రోజులుంది. తెల్లకాగితం బల్ల మీద పెట్టి సువార్తకు వాక్యాలు చెప్పాను. ‘నేను ఆ దేశం ఎప్పుడూ చూడలేదు.’ రాసింది. ‘నా నవలలో ఉన్నదంతా అబద్ధం. అందులో వాస్తవం ఏమీ లేదు.’ పెన్ను ఆగింది.

“ఇది రాయను సార్.”

“ఉట్టి కాగితమమ్మా! ఎవలు చదువుతరు?”

“ఎవరూ చదవకపోయినా రాయను. రెండేళ్లు ఆ వీధుల్లో నడిచాను. ఆ మంత్రులు ఎందుకు మోసం చేశారో రాత్రింబవళ్లు ఆలోచించాను. అబద్ధమని నా చేత్తో ఎట్లా రాస్తానండీ?”

తల్లి ముందుకొచ్చింది. “రాయవే పిల్లా! నీ మంత్రులు నీకు కూడు పెడతరా? ఎండల నడుములు ఇరగ కలుపు తీసి చదివిచ్చిన నిన్ను. ఒక్క ముక్క రాస్తే పోయేదేముంది?”

“నువ్వు తీసిన కలుపు తియ్యలేదని రాయమంటే రాస్తావా అమ్మా?”

తల్లి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. సువార్త కాగితం దగ్గరికి లాక్కుని గబగబా రాసి సంతకం పెట్టి ఇచ్చింది: ‘బస్సులో దస్తీ వేయడం ఒక్కటే తప్పు, ఒప్పుకుంటున్నాను. మిగతా నవల అంతా వాస్తవం.’

తిరుగు బస్సులో ఒక పాపపు పని చేయబోయాను. ఆ ఆఖరి వాక్యం కాగితం కింది అంచుకు పడింది. సంతకం దానికి పక్కగా, కాస్త పైన ఉంది. మడిచి గోరుతో గీస్తే వాక్యం ఊడొస్తుంది, సంతకం మిగులుతుంది, పాస్‌పోర్టు వస్తుంది. మడత పెట్టాను కూడా. మునగాల దాటేదాకా గోరు ఆ మడత మీదే ఉంది. కానీ ఒకసారి ఒక వాక్యం ఎక్కువ రాసి ఈ పిల్లను ఇక్కడిదాకా తెచ్చాను. ఇప్పుడు ఆమె వాక్యాన్ని ఆమెకు తెలియకుండా చింపితే నేను చేసే ఉద్యోగానికి ఇంకో పేరు పెట్టాల్సి ఉంటుంది. మడత విప్పేశాను.

సారు మూడుసార్లు చదివాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. మడత మీద వేలు పెట్టి నా మొహం చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. కాగితం బల్ల మీద పెట్టి అడిగాడు.

“సైదులూ, నిజంగ దొంగనే అయితే ఏం జేస్తది?”

“ఏం జేస్తది సార్?”

“మొత్తం అబద్ధమే అని రాసి, సంతకం వెట్టి, నీకో చాయ్ పోసి, పాస్‌పోర్టు తీస్కొని పోతది. ఇదేమో పాస్‌పోర్టు పోతె పాయె, నా కథ నిజమే అంటున్నది. గిసొంటిది గూఢచారి ఎట్లయితదయ్యా? గూఢచార్లకు గింత పౌరుషం ఉంటే ఆ పని నడుస్తదా?”

ట్యాబ్ తీసుకుని నా సాహిత్య విమర్శనంతా ఒక్కో అక్షరమే చెరిపేశాడు. దాని చోట రెండు మాటలు కొట్టాడు: ‘అభ్యంతరం లేదు.’ ఇరవై ఎనిమిదేళ్లలో నేను చూసిన రిమార్కుల్లో అంత మంచిది ఇంకొకటి లేదు.

అక్కణ్ణుంచే కోదాడకు ఫోన్ చేశాను. “పంపినమమ్మా. అభ్యంతరం లేదన్నరు. నెలాఖరుకు ముందే నీ చేతికొస్తది.”

ఆమె మొదట అడిగింది పాస్‌పోర్టు గురించి కాదు.

“సార్, నేను రాసిన ఆఖరి వాక్యం కొట్టెయ్యలేదు కదా?”

“లేదమ్మా. ఉన్నదున్నట్టు ఫైల్ల ఉన్నది.”

“మీ సారు చదివారా?”

“మూడుసార్లు చదివిండు.”

అప్పుడు ఫోను పక్కకు పెట్టి “అమ్మా, పాస్‌పోర్టు వస్తుందే!” అని కేక పెట్టింది. ఆ కేక నాకు ఫోనులో వినిపించలేదు. కోదాడ నుంచి సూర్యాపేట దాకా హైవే మీదుగా నేరుగా వచ్చి, మా ఆఫీసు కిటికీ తలుపులు కొట్టింది.